ఏడో గణుపు దాకా

ఉరుకుందప్పకు చెవి పోతోందని ఆదోనిలో మొదట తెలిసింది నాకే. చివరికి తెలిసింది ఆయనకు. ఈ రెండింటికీ నడుమ ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ నేను వారానికి రెండుసార్లు ఆయన కొట్టుకు వెళ్లి, ఆయన తెప్పించిన టీ తాగి, నోరు మూసుకుని ఇంటికి వచ్చాను. దీనికి మొహమాటమనీ, మంచితనమనీ పేర్లు పెట్టుకోవచ్చు. నేను పెట్టుకున్నాను కూడా. ఇప్పుడు ఆ ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

ఆయనది ఎమ్మిగనూరు. భార్య ఉచ్చీరమ్మ అక్కడ ఇంట్లోనే మగ్గం నేసేది. ఆయన రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి వచ్చి, స్టేషన్ రోడ్డులో తన రికార్డింగ్ కొట్టు తెరిచేవాడు, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లేవాడు. బస్సులో ఎప్పుడూ డ్రైవరు పక్కన, ఇంజను దగ్గరి సీటే. వేడికి కాళ్లు మాడుతున్నా అక్కడే కూర్చునేవాడు. ఇంజను ఏ గేరులో ఏమని మూలుగుతోందో డ్రైవరు కన్నా ముందు ఆయన చెప్పేవాడట. డ్రైవర్లు దీన్ని నవ్వులాటగా తీసుకునేవాళ్లు కాదు. ఒకరిద్దరు బండిని షెడ్డుకు తోలే ముందు ఆయన్ను అడిగేవాళ్లు.

చెవి మనిషన్న ఈ పేరు ఆయనకు పత్తి నుంచి వచ్చింది. పద్దెనిమిదేళ్ల వయసులో ఆదోనిలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో చేరాడు. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నులు ఇరవై నాలుగు, ఒకే షెడ్డులో వరసగా నడుస్తుంటే, పక్కనున్న మనిషి అరిచినా పెదవులు చూసి తెలుసుకోవలసిందే. అంత రొదలో ఉరుకుందప్ప చెయ్యెత్తి, "పన్నెండోది ఏడుస్తాండాది" అనేవాడట. ఆపి చూస్తే నిజంగానే పన్నెండో జిన్నులో రోలరు అరిగి ఉండేది. పదేళ్లు అక్కడ పనిచేశాడు. ఆ షెడ్లలో పదేళ్లు చేసినవాళ్లు ఇంట్లో పెళ్లాంతో కూడా సంతలో కేకేసినట్టే మాట్లాడతారు. దాన్ని జబ్బని ఎవరూ అనుకోరు. ఫ్యాక్టరీ మనిషి గొంతు అంతేలే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

తర్వాత మైకుసెట్టు పెట్టాడు. పెళ్లిళ్లు, జాతరలు, ఎలక్షన్లు. మైకుసెట్టు వాళ్ల చేతికి ఒక అలవాటు ఉంటుంది. ఆంప్లిఫయర్ ఆన్ చేయగానే లావు గొంతు తిప్పే బిరడాను, అంటే నాబును, సున్నాకు, సన్న గొంతు తిప్పే బిరడాను చివరికంటా తిప్పేస్తారు. ఎందుకంటే గొట్టం మైకులో లావు గొంతు ఎలాగూ పలకదు. సన్నగొంతే జనం గోలను దాటుకుని పక్క ఊరి పొలం దాకా పోతుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు, చేయి దానంతటది తిరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే పని ఉంది.

క్యాసెట్లు వచ్చాక ఆయన గొట్టాలన్నీ పత్తికొండ మనిషి ఒకరికి అమ్మేసి కొట్టు తెరిచాడు. డెబ్భై ఆరో సంవత్సరం. ఒక రికార్డు ప్లేయరు, ఒక క్యాసెట్ డెక్కు, మైకుసెట్టు నాటి పాత ఆంప్లిఫయర్, వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించిన రెండు స్పీకరు పెట్టెలు. ఖాళీ క్యాసెట్టు తీసుకెళ్లి ఏ పాటలు కావాలో చెబితే కాపీ చేసి ఇచ్చేవాడు. నేనప్పుడు కాలేజీలో చదువుతూ, దగ్గర్లోనే ఒక గదిలో ఉండేవాణ్ని. మా నాన్న సేతుమాధవరావు మంత్రాలయంలో టీచరు. మా ఇంట్లో రేడియోకు కూడా మడి ఉండేది. అందుకని నా సంగీతమంతా ఉరుకుందప్ప కొట్లోనే జరిగింది.

ఇక గొడుగు రికార్డు. సీజనులో పత్తి కొనడానికి బొంబాయి నుంచి సోరాబ్జీ అనే పార్సీ పెద్దమనిషి వచ్చి, నాలుగు నెలలు లాడ్జిలో దిగేవాడు. తన వెంట రికార్డు ప్లేయరు తెచ్చుకునేవాడు. అది చెడిపోతే ఉరుకుందప్ప బాగుచేశాడు. ఆ స్నేహంతో డెబ్భై ఏడులో, ఇక ఆదోనికి రాను అన్న ఏడాది, సోరాబ్జీ ఆయనకు ఒక ఇంగ్లీషు రికార్డు ఇచ్చి వెళ్లాడు. లండన్‌లో తయారైనది. గిటార్లు, డ్రమ్ములు, జుట్టు పెంచుకున్న నలుగురు మనుషుల గోల. అట్ట మీద ఖాళీ సముద్రపు ఒడ్డున తిరగబడ్డ ఒక నల్ల గొడుగు బొమ్మ. ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగక అందరం దాన్ని గొడుగు రికార్డనే అనేవాళ్లం.

ఉరుకుందప్పకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ పాటలు ఆయనకు నచ్చాయని కూడా నేను ప్రమాణం చేయలేను. ఆయనకు నచ్చింది రెండోవైపు మూడో పాటలో ఒకే ఒక్క చోటు. అక్కడ వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. డ్రమ్ములవాడు ఇత్తడి పళ్లెం మీద కర్రతో ఒకే దెబ్బ, మెల్లగా వేస్తాడు. ఆ మోత సన్నబడుతూ, సన్నబడుతూ పోయి ఆరిపోయాక మళ్లీ గిటారు అందుకుంటుంది. ఆ మోతకు ఉరుకుందప్ప 'పళ్లెం తోక' అని పేరు పెట్టాడు. దెబ్బ పడగానే బొటనవేలిని చిటికెన వేలి మొదటి గణుపు మీద పెట్టి, ఒక్కో గణుపూ దాటుకుంటూ నిదానంగా లెక్కపెట్టేవాడు. లండన్ రికార్డులో తోక ఏడు దాకా వినపడేది. అంటే చిటికెన వేలు మూడు, ఉంగరం వేలు మూడు అయిపోయి, నడిమి వేలు మొదటి గణుపు దాకా.

తర్వాత అదే రికార్డు మన దేశంలో వేసినది నేను హైదరాబాదు నుంచి తెచ్చాను. అట్ట అదే, గొడుగు అదే, పాటలు అవే. దెబ్బ పడింది. ఆయన వేలు ఐదు దగ్గర ఆగింది.

"ఇదేం అన్యాయమప్పా! రెండు గణుపులు యాడ పోయినాయి?" అన్నాడు.

ఇంకోసారి వేశాం. ఐదే. తోక చివర సన్నటి సుయ్‌మనే చప్పుడు కలిసిపోయి, మిగతాది మింగేస్తోంది. నాకైతే మొదట ఆ తేడాయే తెలియలేదు. నాలుగు రోజులు కూర్చోబెట్టి వినిపిస్తే తెలిసింది, తెలిశాక మరి విననట్టు ఉండడం కుదరలేదు. పైగా దేశీదానిలో కింద మద్దెల మోత ఎక్కువ. కాలేజీ కుర్రాళ్లకు అదే నచ్చేది. "బొజ్జ పెద్దదుంటే బలమనుకుంటాండారు" అని ఆయన విసుక్కునేవాడు. గుంతకల్లులో కొన్న సింగపూర్ క్యాసెట్టు ఇంకా ఘోరం. తోక మూడు కూడా నిండేది కాదు, వాన లాంటి సుయ్‌మోతలో కలిసిపోయేది. మూలం నుంచి తీసినదానికీ, నకలుకు నకలుగా తీసినదానికీ ఆ మాత్రం తేడా ఉంటుందని సోరాబ్జీ వెళ్లే ముందే చెప్పాడట. ఉరుకుందప్ప మాత్రం ఆ తేడాను తన సొంత ఆస్తి పంపకంలో జరిగిన మోసంలా బాధపడేవాడు.

ఆ రికార్డుతో నవ్వులాట కూడా జరిగింది. గొట్టాలు అమ్మేసినా, తెలిసినవాళ్ల పెళ్లికి కాదనలేక గొట్టం అద్దెకు తెచ్చుకుని, గూడూరు పక్కన పల్లెకు వెళ్లి, భోజనాల వేళ దాన్ని గొట్టం మైకులో పెట్టాడు. పెళ్లికూతురి మేనమామ చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి, జనరేటరు పాడైందని, వెంటనే ఆపమని గోల పెట్టాడు. మా నాన్నను ఒకసారి కొట్టుకు తీసుకెళ్లి వినిపించాను. ఓపిగ్గా అంతా విని, "పళ్లెం మోత బాగుందిరా విఠల్. మిగతా రభస ఎందుకు?" అన్నారు. ఉరుకుందప్ప ఆ మాటను పదేళ్లు చెప్పుకున్నాడు.

లండన్ రికార్డు నుంచి తను తీసే కాపీలో తోక ఎంత దాకా నిలుస్తుందన్నది ఆయనకు పంతమైపోయింది. నెల రోజులు కుస్తీ పట్టాడు. డెక్కు తుడిచాడు, తీగలు మార్చాడు, బిరడాలు వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఆరు తెచ్చాడు. ఆ క్యాసెట్టు నాకిచ్చాడు. చీటీ మీద ఎర్ర సిరాతో తన పెద్ద పెద్ద అక్షరాల్లో 'గొడుగు - 6' అని, కింద తేదీ, 12-3-1978 అని రాశాడు. ఆ తర్వాత ఆ పక్క ఊళ్లన్నిటికీ పేరు పాకింది. బళ్లారి నుంచి కూడా వచ్చేవాళ్లు. ఒకే పాట క్యాసెట్లు రెండు తెచ్చి, ఏది మంచిదో చెప్పమనేవాళ్లు. విని చెప్పేవాడు. ఇంగ్లీషైనా, హరికథైనా, కన్నడ పదాలైనా ఆయనకు ఒకటే. "ఉరుకుందప్ప చెవి" అంటే అది మా ఊళ్లో తక్కెడ కన్నా నమ్మకమైన మాట. ఆయనకు చదువు లేదు, పొలం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ చెవి. అది లేకపోతే ఆ మనిషి ఎవరు అన్నది నాకప్పుడు తట్టలేదు.

ఆరేళ్లు అలా నడిచింది. నాకు ఆదోనిలోనే హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఎనభై నాలుగు జూన్‌లో, వాడి వాడి నా పాత క్యాసెట్టు ఎక్కడ తెగిపోతుందోనని, గొడుగు రికార్డు మళ్లీ కాపీ చేసిమ్మన్నాను. ఇచ్చాడు. ఇంటికొచ్చి పెట్టాను. పాట మొదలై రెండు నిమిషాలు కాకుండానే నా భార్య తులసీబాయి వంటింట్లోంచి వచ్చి, "ఏమిటండీ అది, అట్లకాడతో మూకుడు గీకినట్టు?" అంది. నిజమే. పళ్లు జివ్వుమంటున్నాయి. తోక అయితే తోకలా లేదు, చెవిలో గుచ్చుకునే ముల్లులా ఉంది.

డెక్కులో ఏదో చెడి ఉంటుందని మరునాడు కొట్టుకు వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆయన దిగులుగా, "సామీ, లండన్‌ది అరిగిపోయినాది. తోక తెగిపోతాండాది, ఇను" అంటూ రికార్డు పెట్టాడు. పళ్లెం మీద దెబ్బ పడింది. మోత సాగింది, ఎప్పటిలాగే, చక్కగా. ఆయన బొటనవేలు ఒకటి, రెండు, మూడు గణుపుల మీదికి పోయి ఆగిపోయింది. కొట్లో పళ్లెం ఇంకా మోగుతోంది. ఆయన వేలు కదలలేదు. నా వైపు చూసి, "సూసినావా? మూడే" అన్నాడు.

జిన్నులు, గొట్టాలు, రోజూ రెండు పూటలా బస్సు ఇంజను, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సన్న చప్పుళ్లు ఆయన్ను విడిచి వెళ్తున్నాయి. అవి వినపడక ఆయన చేయి, మైకుసెట్టు నాటి అలవాటు కొద్దీ, సన్న గొంతు బిరడాను పైకి పైకి తిప్పుతోంది. తన చెవికి సరిగ్గా వినపడేంత వరకు తిప్పి, అదే సరైనదని క్యాసెట్లలోకి ఎక్కిస్తున్నాడు. వేరే ఎవరైనా అయితే చెవుల డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు. మైకుసెట్టు మనిషి బిరడా తిప్పుతాడు.

"అవునన్నా, అరిగినట్టుంది" అన్నాను.

అదీ నేను చెప్పిన మొదటి అబద్ధం. ఆ తర్వాత వాటిని లెక్కపెట్టలేదు. ఆయన హైదరాబాదు నుంచి కొత్త సూది తెప్పించాడు. లాభం లేదు. ఇంకొకటి తెప్పించాడు. రికార్డును కుంకుడు నురుగుతో కడిగి, ఉచ్చీరమ్మ నేసిన మెత్తటి గుడ్డతో తుడిచాడు. ప్రతిసారీ, "ఇప్పుడు నయం గదా సామీ?" అనేవాడు. ప్రతిసారీ నేను నయమే అన్నాను. చుట్టాల ఇంట్లో రోగిని చూసి వచ్చేవాడిలా అలసిపోయి ఇంటికి చేరేవాణ్ని. చెప్పాలని వెళ్లిన రోజులూ ఉన్నాయి. చెప్పడమంటే ఆయన దగ్గరున్న ఒక్కదాన్నీ లాక్కోవడం. అంత పని నా వల్ల కాలేదు. ఈలోగా ఎదుటి వరసలో కొత్త రికార్డింగ్ కొట్టు ఒకటి వచ్చింది. బళ్లారి వాళ్లు రావడం మానేశారు. ఎందుకు మానేశారో ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. పెద్దమనుషులం కదా, అందరమూ నాలాంటి వాళ్లమే.

చివరికి చెప్పినవాడు హోటలు శేషప్ప. ఎనభై ఐదు ఫిబ్రవరిలో ఒక శనివారం, నేను కొట్లో ఉండగానే, తన హోటల్లో పెట్టుకునే భక్తిపాటల క్యాసెట్లు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఏమనుకోవాకు. నీ క్యాసెట్టు పెడితే జనం టీ సగంలో ఇడిసి లేసి పోతాండారు. సెవుల్లో సూదులు గుచ్చినట్లుండాది. మొదట్లో ఇట్ల ఉండేటివి కావు."

ఉరుకుందప్ప ముఖం ఎర్రబడింది. శేషప్ప వెళ్లేదాకా ఆగి, నా వైపు తిరిగాడు. "ఇన్నావా సామీ? నా సేత్తో సేసినాది బాగలేదంట! ఆ ఎదురు అంగడోడు ఎక్కించినాడు ఈ మాటలు. రేపు ఆదివారం రా. నీ కాడుండే గొడుగు క్యాసెట్లు రెండూ తీసకరా. రికార్డులు రెండూ ఈడనే ఉండాయి. నేను గోడ దిక్కు తిరిగి కూసుంటా. యాది యాదో సెప్పకుండా పెట్టు. నాలుగూ సెప్తా. నా సెవి సంగతి ఊరికి నువ్వే సెప్పు."

దారంతా ఆలోచించాను. డెబ్భై ఎనిమిది నాటి క్యాసెట్టు పోయిందని చెప్పి ఒక్కటే తీసుకెళ్దామా అనుకున్నాను. తులసి ఒకటే అంది. "మీరు చెప్పలేరు. పోనీ ఆయన్నే తెలుసుకోనివ్వండి." అది నాకు చాలా తెలివైన మాటగా తోచింది. నేను చెప్పక్కర్లేదు, యంత్రం చెబుతుంది. పిరికివాడికి ఇంతకన్నా ఏం కావాలి? రెండు క్యాసెట్లూ సంచిలో వేసుకున్నాను.

ఆదివారం ఉచ్చీరమ్మ కూడా వచ్చింది. బజారులో పనుండి ఆయనతో పాటు బస్సెక్కిందట. సరుకుల సంచి పక్కన పెట్టుకుని గడప దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంది. సన్నటి మనిషి, తక్కువ మాట్లాడుతుంది. ఉరుకుందప్ప స్టూలు గోడవైపు తిప్పి వేసుకుని, కుడిచేయి మోకాలి మీద పెట్టి, బొటనవేలిని చిటికెన వేలికి ఆనించాడు. ఆ చేయి నాకు కనపడుతోంది. ఉచ్చీరమ్మకూ కనపడుతోంది. బిరడాలన్నీ నడిమికి పెట్టమన్నాడు. పెట్టాను.

మొదట దేశీ రికార్డు. దెబ్బ పడింది. వేలు మూడు దగ్గర ఆగింది.

"మూడు. సింగపూర్‌ది మాదిరి ఉండాది. నన్ను పరీచ్చ సేసేకి అదీ కలిపినావా?" అన్నాడు.

రెండోది లండన్‌ది. పళ్లెం ఏడు దాకా మోగింది, నేను లోలోపల లెక్కపెట్టుకున్నాను. ఆయన వేలు మూడు మీదే కూర్చుంది. గిటారు మొదలయ్యేదాకా కదలకుండా అక్కడే ఉంది.

"ఇదీ మూడే. ఇది దేశీది."

మూడోది డెబ్భై ఎనిమిది నాటి ఆయన సొంత కాపీ. రికార్డు మీద సూది దిగే చప్పుడు వేరు, క్యాసెట్టు మీట నొక్కే చప్పుడు వేరు. పూర్వం ఉరుకుందప్పకు ఆ ఒక్కటి చాలేది. ఇప్పుడు ఆ తేడా కూడా ఆయనకు అందలేదు. తోక రెండు గణుపులు దాటలేదు. ఆయన గోడవైపే చూస్తూ నవ్వాడు.

"ఇదీ బయటిదే తెచ్చినావు. యా కాపీ రాయుడు సేసినాడప్పా దీన్ని? సెవుల్లో పత్తి పెట్టుకొని సేసినట్లుండాడు!"

అక్కడితో ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. నాలుగోది, జూన్‌లో ఆయన చేసిచ్చిన కాపీ, పెట్టాను. అది మొదలవగానే ఉచ్చీరమ్మ కొంగుతో ఒక చెవి మూసుకుంది. పళ్లెం కీచుమంది. ఆయన వేలు మూడు దాటింది, నాలుగు, ఐదు. ఉంగరం వేలు రెండో గణుపు మీద ఆగింది. ఆయన వెన్ను నిటారుగా లేచింది.

"ఇదో! రికార్డంటే ఇదప్పా! లండన్‌ది ఇదే. కొత్త సూది ఏసినా గదా, తోక మళ్లా వచ్చినాది." ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు. గొంతులో పసిపిల్లాడి సంతోషం. "ఏం సామీ, సరిగ్గా సెప్పినానా?"

యంత్రం చెబుతుందనుకుని వచ్చినవాణ్ని. ఆ గొంతు విన్నాక ఎనిమిది నెలల అలవాటే నా నోట్లోంచి మాట్లాడింది.

"సరిగ్గా చెప్పినావన్నా. నాలుగూ" అన్నాను.

ఉచ్చీరమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది.

ఉరుకుందప్ప లేచాడు. ఒళ్లు విరుచుకుని, నవ్వుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పాట అయిపోగానే డెక్కు తనే తెరవాలి, క్యాసెట్టు తనే తీయాలి, స్పిరిట్‌లో ముంచిన దూదితో లోపల తనే తుడవాలి. ఆ పని ఎవరికీ ఇచ్చేవాడు కాదు, నాకు కూడా. దూది తీసుకున్నాడు, డెక్కు ఆపి మూత తెరిచాడు. చివర మోగింది లండన్ రికార్డే అయితే అది ప్లేయరు మీద తిరుగుతుండాలి. ప్లేయరు ఆగి ఉంది. లోపల క్యాసెట్టు ఉంది. చక్రాల మీద టేపు ఇంకా బిగుతుగా, ఆ తోక దాటి కాస్త ముందుకెళ్లి ఆగి ఉంది.

బయటికి తీసి చీటీ చదివాడు. ఎర్ర సిరా, తన అక్షరాలు, జూన్ నెల. బల్ల మీద పక్కనే రెండో క్యాసెట్టు ఉంది. దాన్నీ తీసి చదివాడు. 'గొడుగు - 6.'

దూది ఆయన వేళ్లలోనే ఉంది. స్పిరిట్ ఆరిపోయింది.

"పత్తి పెట్టుకొని సేసినాడంటి గదా సామీ," అన్నాడు. "అది ఇదేనా?"

తల ఊపాను.

"ఆరు అని రాసినాను. నేనే గదా రాసినాది."

"నువ్వే అన్నా."

"నీకు యానాట్నుంచి తెలుసు?"

"జూన్ నుంచి."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "అట్లనా" అన్నాడు, అంతే. భార్యను మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. ఇంట్లో రేడియో ఎంత పెద్దగా పెడుతున్నాడో, పిలిస్తే ఎన్నో పిలుపుకు పలుకుతున్నాడో ఆమెకు తెలియకుండా ఉంటుందా? అడగకపోవడమే మంచిదని ఆయనకూ తోచి ఉంటుంది.

తర్వాత లండన్ రికార్డును తనే ప్లేయరు మీద పెట్టాడు. సూదిని మూడో పాట మీద దించాడు.

"ఉచ్చీరా, ఈ దిక్కు రా. పళ్లెం మీద ఒగ దెబ్బ కొడతాడు. ఆ మోత తెగేదాకా గణుపులు లెక్కబెట్టు. నాకు సూపిచ్చి లెక్కబెట్టు."

ఆమె లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. పొద్దున లేస్తే పోగులు లెక్కపెట్టే చేయి అది. దానికి లెక్క నేర్పాల్సిన పని లేదు. అరచేయి ఆయన వైపు తిప్పి పట్టుకుంది. వాయిద్యాలు ఆగాయి. దెబ్బ పడింది. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర ఆయన కళ్లు ఒకసారి స్పీకరు వైపు వెళ్లి, మళ్లీ ఆమె చేతి మీదికి వచ్చాయి. ఆయనకు అక్కడితో మోత లేదు. ఆమె బొటనవేలు ఉంగరం వేలి మీదికి ఎక్కింది. నాలుగు. ఐదు. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆరు. నడిమి వేలు మొదటి గణుపు మీద ఆమె ఆగింది.

"ఏడు" అంది.

"ఏడేనా? బాగా ఇన్నావా?"

"ఏడు. ఆడికి తెగిపోయినాది."

గిటారు తన పాటికి తను వాయిస్తూనే ఉంది. సూది పైకి లేపి, రికార్డు తీసి, గుడ్డతో మెల్లగా తుడిచాడు.

"అయితే రికార్డు అరగలే," అన్నాడు. "దీనికేం కాలే. నేనే ఊరికెనే దీన్ని తిట్టుకుంటి."

గొడుగు అట్టలో రికార్డును దాచి పక్కన పెట్టాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ముఖం తిప్పుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నమే ఆయన ఇంకో పని చేశాడు. దేశీ రికార్డు పెట్టి, సన్న గొంతు బిరడాను పై నుంచి కిందికి, కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉచ్చీరమ్మ ముఖం చూశాడు. ఆమె కనుబొమలు ముడిపడి ఉన్నంతసేపూ తిప్పాడు. ముడి విడిపోయింది. "సాలు" అంది ఆమె. ఆయన చెవికి అప్పుడు ఏం వినపడి ఉంటుందో, మూటగట్టిన చప్పుడేదో. అయినా చేయి తీసేశాడు. స్క్రూడ్రైవరు తీసుకుని, బిరడా ముల్లు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ రేకు మీద ఒక గీత గీశాడు.

తర్వాత నాలుగేళ్లు కొట్టు నడిపాడు. వారంలో మూడు రోజులు ఉచ్చీరమ్మ మగ్గం వదిలి ఆయనతో బస్సెక్కేది. బస్సులో ఇప్పుడు ఇద్దరూ వెనక సీట్లో కూర్చునేవాళ్లు. ఆమె రాని రోజు ఆయన బిరడాను గీత దాకా తిప్పి, చేయి వెనక్కి తీసుకుని, వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మైకుసెట్టు నాటి ఆ చేయిని అలా ఆపుకోవడం ఎంత కష్టమో నాకు కనపడేది. శేషప్ప మళ్లీ వచ్చాడు. బళ్లారి వాళ్లు ఒకరిద్దరు వచ్చారు. "ఉరుకుందప్ప చెవి మళ్లీ కుదిరింది" అన్నారు. ఆయన కాదనలేదు, అవుననలేదు.

కాపీలు నిజంగానే బాగా వచ్చేవి. తోక మళ్లీ ఆరు దాకా నిలిచేది. ఆ సంగతి ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. నేను రోజూ వెళ్లేవాణ్ని, నేనే చెప్పేవాణ్ని. "బాగుందన్నా, ఆరు వచ్చింది" అనేవాణ్ని. నిజమే చెప్పేవాణ్ని. ఆయన నా మాట విని తల ఊపి, ఉచ్చీరమ్మ చేతివైపు చూసేవాడు.